సొరుగులోనివి, బల్లమీదివి

పోయిన నెల ఈ శీర్షికలో స్కాన్ బొమ్మలను కంప్యూటర్‌లో త్రీడీగా చూడటం గురించి నాలుగు మాటలు రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి: దేనితో చూడాలి, దేనితో తిప్పాలి? అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వాటికే జవాబు రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, నా ఇష్టాయిష్టాలు అక్కడినుంచే వచ్చాయి కనుక. ఇరవై రెండేళ్లుగా నా పని పోతపోసిన లోహపు భాగాలను ఎక్స్‌రేలతో స్కాన్ చేసి, లోపల దాక్కున్న గాలి బుడగలనూ పగుళ్లనూ వెతకడం. ఈ కాలంలో నా బల్ల మీదికి పదిహేను రకాల పరికరాలు వచ్చాయి. మూడు నిలిచాయి. మిగిలినవి కింది సొరుగులో ఉన్నాయి. కొత్తది ఏది వచ్చినా నేను మొదట చూసేది ఒకటే: దాన్ని వాడేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనుతుంది?

ప్రశ్న: మాది భూగర్భశాస్త్రం. బోరు రంధ్రాల నమూనాల వివరాలు మూడు వందల గీతలుగా కంప్యూటర్‌లో ఉన్నాయి. ఖనిజం ఎటు సాగిందో కనిపెట్టాలి. మా గైడు గారు కళ్లకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్ కొందామంటున్నారు. నాకు మంచి మానిటర్ చాలనిపిస్తోంది. ఆయనతో వాదించే ధైర్యం లేదు. మీరు రాస్తే చూపిస్తాను. – ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: చూపించేటట్లయితే మొదట ఆయన పక్షాన ఒక మాట రాయాలి. మీ బోరు గీతల్లాంటి చిక్కుముడిలో లోతు తెలియకపోతే ఏమీ తెలియదు. ఏ గీత ముందుందో ఏది వెనకుందో కదలని బొమ్మ చెప్పలేదు. అంతవరకు ఆయన పట్టుదల న్యాయమే.

అయితే లోతు అనగానే అందరికీ రెండు కళ్లే గుర్తొస్తాయి. దానికి కారణముంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ రెండు అద్దాలు పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించి, చదును కాగితాల్లోంచి లోతు పుట్టించాడు. ఇవాళ్టి హెడ్‌సెట్‌లో ఉన్నదీ ఆ ఉపాయమే. కాని లోతు తెలిపే దారి అదొక్కటే కాదు. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు పరుగెత్తుతాయి, దూరపు కొండ కదలదు. ఒక కన్ను మూసుకున్నా ఏది దగ్గరో ఏది దూరమో తెలిసిపోతుంది. అది కదలిక ఇచ్చే లోతు.

ఈ రెంటిలో ఏది ఎక్కువ పని చేస్తుందో 1996లో కోలిన్ వేర్, గ్లెన్ ఫ్రాంక్ కొలిచారు. చుక్కలనూ గీతలనూ వలలా అల్లి, రెండు చుక్కలను చూపించి, వీటి మధ్య దారి ఉందా అని అడిగారు. చదును తెర మీద జనం ఎంత పెద్ద వలను చదవగలిగారో, స్టీరియో (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ) ఇస్తే దానికి 1.6 రెట్లు పెద్ద వలను చదివారు. స్టీరియో తీసేసి, తల కదిపితే బొమ్మ కూడా తగినట్టు కదిలేలా చేస్తే 2.2 రెట్లు. రెండూ కలిపితే 3 రెట్లు. రెండో కంటి కంటే కదిలే మెడే ఎక్కువ పని చేసిందన్నమాట. ఇంకో సంగతి, చేత్తో బొమ్మను తిప్పినా, బొమ్మ దానంతటదే తిరిగినా కూడా మేలు గట్టిగానే కనిపించింది. అంటే మీ మానిటర్ మీద మౌస్‌తో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతుంటే, హెడ్‌సెట్ ఇవ్వబోయే దానిలో పెద్ద భాగం మీకు ఇప్పటికే అందుతోంది.

ఇప్పుడు మీ పక్షాన ఒక లెక్క. మంచి చూపున్న కన్ను ఒక్క డిగ్రీ కోణంలో దాదాపు 60 చుక్కలను విడివిడిగా చూడగలదు. 27 అంగుళాల 4కె మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటే డిగ్రీకి దాదాపు 70 పిక్సెల్స్ వస్తాయి. పాత 24 అంగుళాల మామూలు మానిటర్ కూడా దాదాపు 40 ఇస్తుంది. ఇళ్లలో ఆటలకు కొనే హెడ్‌సెట్లలో చాలావాటికి 20, 25 దగ్గరే ఆగుతుంది. ఒక్కో బోరు గీత పక్కన లోతు అంకెలు, ఖనిజ శాతాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి కదా. హెడ్‌సెట్‌లో అవి చదవాలంటే ప్రతిసారీ దగ్గరికి లాక్కోవాలి. రోజుకు రెండు వందలసార్లు ఆ పని చేస్తే గైడు గారే దాన్ని తీసి పక్కన పెడతారు.

ఈ పరికరాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో పదిహేను మందికి హోలోలెన్స్ అనే కళ్లజోడు లాంటి హెడ్‌సెట్‌ను, చేతిలో పట్టుకునే టాబ్లెట్‌ను, మామూలు డెస్క్‌టాప్‌ను ఇచ్చి నాలుగు రకాల పనులు చేయించారు. ఒక్కో పరికరం ఒక్కో పనికి బాగా కుదిరింది. కాని మొత్తం మీద దాదాపు అన్ని చోట్లా డెస్క్‌టాపే వేగంగా, కచ్చితంగా నిలిచింది. ఆ పదిహేను మందికీ మౌస్ చిన్ననాటి నేస్తం, హోలోలెన్స్ కొత్త చుట్టం అన్నది మరిచిపోకండి. అయినా మీరు కూడా అలాంటి మనుషులే కదా.

మరి హెడ్‌సెట్ ఎప్పుడు గెలుస్తుంది? ఎక్కడ వెతకాలో కూడా తెలియనప్పుడు. మా దగ్గరికి ఒకసారి ఒక పంపు భాగం వచ్చింది. లోపలి నీటి దారులు ఒకదానిలోంచి ఒకటి దూరి మెలికలు తిరిగి ఉన్నాయి. మానిటర్ మీద రెండు రోజులు బొమ్మకు అడ్డకోతలు పెట్టి చూసినా పగులు ఏ గోడదో తేల్చలేకపోయాను. హెడ్‌సెట్ పెట్టుకుని ఆ దారిలోకి తల దూర్చి చూస్తే పావుగంటలో తేలింది. తర్వాత దాని పొడవు కొలవడానికి మళ్లీ మానిటర్ దగ్గరికే వచ్చాను.

కాబట్టి డబ్బు ఒక్కదానికే ఉంటే మానిటర్ కొనండి. హెడ్‌సెట్‌ను ఎవరిదగ్గరైనా రెండు రోజులు అరువు తెచ్చుకోండి. జవాబు మీకు ముందే తెలిసిన ఐదు ప్రశ్నలు రాసుకుని, గైడు గారిని రెంటి మీదా కూర్చోబెట్టి, గడియారం పట్టుకోండి. వాదించాల్సిన అవసరమే రాదు.

ప్రశ్న: లేజర్ స్కానర్‌తో తీసిన పాత కట్టడాల పాయింట్ క్లౌడ్‌లతో, అంటే కట్టడం రూపాన్ని చూపే చుక్కల గుంపులతో నా పని. మౌస్‌తో తిప్పుతుంటే కట్టడం కాసేపటికి పక్కకు ఒరిగిపోతుంది, ఇంకాసేపటికి తెరలోంచే మాయమవుతుంది. ఖరీదైన మౌస్ కొంటే బాగుపడుతుందా? – ఒక సర్వేయరు

జవాబు: కొనకండి. ఇందులో మౌస్ చేసిన పాపం ఏమీ లేదు.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న లోకానికి మౌస్‌ను చూపించాడు. దాని తొలి నమూనా ఒక చెక్క పెట్టె, అడుగున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు చక్రాలు. రెండు చక్రాలంటే రెండు అంకెలు. ఇప్పుడు చక్రాల బదులు వెలుతురు వచ్చింది గాని అంకెలు మాత్రం ఆ రెండే. ఒక వస్తువును గాలిలో ఎలాగంటే అలా పెట్టాలంటే ఆరు కావాలి: మూడు జరపడానికి, మూడు తిప్పడానికి. ఆరు పనులను రెండు అంకెలతో చేయించడానికి ప్రతి సాఫ్ట్‌వేరూ ఏదో ఒక గారడీ చేస్తుంది. మీ తంటా ఆ గారడీతో.

ఒరిగిపోవడం ఎందుకో తెలియాలంటే ఒక పుస్తకం తీసుకోండి. అట్ట మీకు కనిపించేలా బల్ల మీద నిలబెట్టండి. దాన్ని ఉన్నచోటనే పావు చుట్టు పక్కకు తిప్పి, తర్వాత పైభాగం మీ వైపు వచ్చేలా వాల్చండి. పుస్తకం అంచు మీద ఉంటుంది. మళ్లీ మొదటికి తెచ్చి, ఈసారి ముందు వాల్చి, తర్వాత పావు చుట్టు తిప్పండి. ఇప్పుడు అట్ట బల్లకు ఆని బోర్లా ఉంటుంది. తిప్పినవి ఆ రెండు తిప్పులే, వరుస మాత్రం మారింది. మీ చెయ్యి మౌస్‌ను గుండ్రంగా తిప్పినప్పుడల్లా ఇలాంటి తేడాలు కొంచెం కొంచెంగా పోగవుతాయి. గోపురం ఒరిగేది అందుకే.

దీనికి రెండు మందులున్నాయి. మీ కట్టడాలకు పైన ఏదో కింద ఏదో ఉంది కాబట్టి, నిలువు అక్షాన్ని బిగించే పద్ధతి వాడండి. కుమ్మరి సారె మీద పెట్టినట్టు కట్టడం తన చుట్టూ తాను తిరుగుతుంది, మీరు పైనుంచో పక్కనుంచో చూస్తారు, అంతే. ఒరగమన్నా ఒరగదు. నా లోహపు ముక్కలకు పైనా కిందా లేవు. వాటికి నేను ఆర్క్‌బాల్ వాడతాను. 1992లో కెన్ షూమేక్ ప్రకటించిన పద్ధతి ఇది. బొమ్మ చుట్టూ కనిపించని గాజు బంతి ఉందనుకుని, దాని మీద వేలు పెట్టి దొర్లించినట్టు ఉంటుంది. దీనిలో నాకు నచ్చిన గుణం ఒకటి: నొక్కిన మీట వదలకుండా మౌస్‌ను బయలుదేరిన చోటికే తెస్తే బొమ్మ కూడా తన మొదటి స్థితికే వస్తుంది. తిప్పిన పాపం తిరిగి కడిగేసుకోవచ్చు. దీని వెనకున్న గణితం హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్లనే నాలుగు భాగాల సంఖ్యలది. అది తెలియకపోయినా బంతి దొర్లుతుంది.

ఇక మాయమవడం. తిరిగే కేంద్రం కట్టడంలో లేదు, ఇంకెక్కడో ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు మొత్తం డేటా పట్టే పెట్టెను ఊహించుకుని, దాని నడిమధ్యను కేంద్రంగా తీసుకుంటాయి. స్కాన్ చేసేటప్పుడు దూరంగా ఒక పక్షి ఎగిరినా దాని మీద నాలుగు చుక్కలు పడతాయి. ఆ నాలుగు చుక్కల కోసం పెట్టె సాగుతుంది, కేంద్రం గోడ దాటి బయటికి పోతుంది. ముందు ఆ దారితప్పిన చుక్కలను కోసి పారేయండి. తర్వాత మీరు చూడదలచిన చోటునే కేంద్రంగా ఎంచుకోండి. క్లౌడ్‌కంపేర్‌లోనూ పారావ్యూలోనూ దానికి సదుపాయముంది, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. నేను వారానికొకసారైనా ఎవరో ఒకరికి ఈ మాట చెబుతుంటాను. ఖరీదైన పరికరం కొన్నవాళ్లలో సగం మంది నిజానికి కేంద్రం మార్చుకోవడం తెలియక కొన్నవాళ్లే అని నా అనుమానం.

దూరాలు కొలిచేటప్పుడు మాత్రం సహజంగా కనిపించే దృశ్యాన్ని ఆపేసి, దూరమైనవి చిన్నవిగా కనిపించని సమాంతర దృశ్యానికి మారండి. కంటికి అది బిర్రబిగుసుకున్నట్టు ఉంటుంది గాని ముందున్న స్తంభమూ వెనకున్న స్తంభమూ ఒకే కొలతలో కనిపిస్తాయి.

ప్రశ్న: పిడిని నెట్టినా లాగినా మెలితిప్పినా బొమ్మ కదిలే ఆరు దిక్కుల మౌస్ కొన్నాను. నాలుగు రోజులయింది. బొమ్మ నా మాట వినడం లేదు. తప్పు నాదా, దానిదా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీదీ కాదు, దానిదీ కాదు. అలవాటుది. నా బల్ల మీద నిలిచిన మూడింటిలో అది ఒకటి. అయినా మొదటి వారం దాన్ని కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

మామూలు మౌస్‌ను ఎంత దూరం జరిపితే బాణం గుర్తు అంత దూరం పోతుంది. చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. ఈ పిడి అలా కాదు. దాన్ని ఎంత గట్టిగా నెడితే బొమ్మ అంత వేగంగా పోతుంది, నెడుతున్నంతసేపూ పోతూనే ఉంటుంది. ఆపాలంటే చెయ్యి వదలాలి. ఇది కారు యాక్సిలరేటర్ లాంటిది. మీరు దాన్ని మౌస్ లాగా వాడాలని చూస్తున్నారు, అందుకే గురి దాటి పోతోంది. స్ప్రింగుతో వెనక్కి వచ్చే పిడికి వేగాన్ని అప్పగించాలి, స్వేచ్ఛగా కదిలే వస్తువుకు స్థానాన్ని అప్పగించాలి. తారుమారు చేస్తే రెండూ చెడతాయి. 1990ల్లో షుమిన్ ఝాయ్ టొరంటోలో చేసిన పరిశోధన తేల్చింది కూడా ఇదే.

దీని పుట్టుక చెబితే మీకు కాస్త గౌరవం కలగవచ్చు. జర్మనీ అంతరిక్ష పరిశోధన కేంద్రం డీఎల్‌ఆర్‌లో రోబో చేతిని నడపడానికి ఇలాంటి బంతి తయారు చేశారు. 1993లో కొలంబియా అంతరిక్ష నౌకలో జరిగిన రోటెక్స్ ప్రయోగంలో రోబో చేతికి ఆజ్ఞలిచ్చింది ఆ కుటుంబంలోని పరికరమే. మీ బల్ల మీద ఉన్నది దాని చెల్లెలు.

ఇలా చేసి చూడండి. అది ఎడమ చేతికి, మామూలు మౌస్ కుడి చేతికి. సెట్టింగుల్లో వేగాన్ని మూడో వంతుకు తగ్గించండి. మొదటి రెండు రోజులు తిప్పడాన్ని పూర్తిగా ఆపేసి, జరపడం ఒక్కటే చేయండి. తర్వాత తిప్పడం తెరిచి, జరపడం మూసేయండి. రెండూ కలపడం ఆ తర్వాతే. పిడికిలి బిగించవద్దు, వేళ్ల కొసలతో పట్టుకోండి. మణికట్టు బల్లకు ఆనాలి. నాకు పదకొండో రోజున చెయ్యి దాని గురించి ఆలోచించడం మానేసింది. అప్పటినుంచి ఎడమ చెయ్యి లోహపు ముక్కను పట్టుకుని తిప్పుతుంటుంది, కుడి చెయ్యి కోత పెట్టడం, గుర్తు వేయడం చేస్తుంది. కాగితం మీద రాసేటప్పుడు ఎడమ చెయ్యి కాగితాన్ని జరుపుతుంది, కుడి చెయ్యి కలం నడుపుతుంది. అదే పొత్తు ఇక్కడా.

వారానికి ఒక గంట మాత్రమే త్రీడీ చూసేవారికి ఇది దండగ. నేర్చుకున్నది ఈ వారానికీ పై వారానికీ మధ్య మరిచిపోతారు.

ప్రశ్న: గాలిలో చేతులు ఊపితే డేటా తిరిగే పరికరాల గురించి మీ అభిప్రాయం? – ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: సొరుగు. రెండున్నాయి అందులో.

చేతి కదలికలను పట్టే పరికరాలు కైనెక్ట్ 2010లో, బొటనవేలంత లీప్ మోషన్ 2013లో వచ్చినప్పుడు నేనూ అందరిలాగే చేతులు ఊపాను. పది నిమిషాల్లో భుజం రాయి అయింది. ఇంగ్లీషులో దీనికి గొరిల్లా చెయ్యి అని పేరే ఉంది. భుజం నొప్పి కంటే పెద్ద చిక్కు ఇంకొకటి: పట్టుకున్నాను అనీ, వదిలేశాను అనీ పరికరానికి చెప్పేదెలా? మౌస్‌కు మీట ఉంది, టక్కున చప్పుడు చేస్తుంది. గాలికి మీట లేదు. సరిగ్గా కుదిరిన కోణంలో చెయ్యి తీసేయబోతే ఆ తీసే కదలికకే బొమ్మ తిరిగిపోతుంది. చేతికి తొడుగులతో ఉన్న శస్త్రచికిత్స వైద్యులు దేన్నీ ముట్టుకోకుండా స్కాన్ చూడాలంటే మాత్రం ఇది అక్కరకు వస్తుంది. అక్కడ రెండు నిమిషాల పనే.

ప్రశ్న: ప్రొటీన్ నిర్మాణాలను వీఆర్‌లో చూస్తున్నాం. పది నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. తోటివాళ్లు అలవాటైతే పోతుందంటున్నారు. హెడ్‌సెట్ మార్చాలా? – జీవరసాయన పరిశోధకురాలు

జవాబు: అలవాటయ్యేదాకా బాధ పడమని నేను చెప్పను. కడుపులో తిప్పడం మొదలవగానే తీసేయండి, ఓర్చుకుంటూ కూర్చుంటే మర్నాడు హెడ్‌సెట్‌ను చూస్తేనే తిప్పుతుంది. నాకు జరిగింది.

మార్చే ముందు ఒకటి చెప్పండి: ప్రొటీన్ దగ్గరికి మీరు ఎలా వెళుతున్నారు? చేతి కంట్రోలర్ మీద బొటనవేలి కింది పుల్లను నెట్టి ఎగురుతున్నారనే నా ఊహ. కళ్లు ముందుకు పోతున్నాం అంటాయి, చెవి లోపలి సమతూక అవయవం కుర్చీలోనే ఉన్నాం అంటుంది. ఆ తగాదాలో నష్టపోయేది కడుపు. ఎగరడం ఆపేయండి. ప్రొటీన్‌ను ఒక గుమ్మడికాయంత చేసి ముందు పెట్టుకుని, రెండు చేతుల్లోని కంట్రోలర్లతో పట్టుకుని తిప్పండి, లోపలికి చూడాలంటే మీ తలే వంచండి. కదిలేది వస్తువైతే శరీరం పెద్దగా పట్టించుకోదు. కదిలేది లోకమంతా అయితే ఒప్పుకోదు.

తర్వాత వేగం. హెడ్‌సెట్ సెకనుకు 90 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి దాదాపు 11 మిల్లీసెకన్లే ఉంటాయి, అదీ రెండు కళ్లకూ కలిపి. తల తిప్పిన క్షణానికీ బొమ్మ మారిన క్షణానికీ మధ్య 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. లక్షల త్రిభుజాలున్న నున్నని ఉపరితలాన్ని పెడితే కంప్యూటర్ వెనకబడుతుంది, మీ తల వెంట లోకం ఈడ్చుకుంటూ వస్తుంది. మాకు స్కాన్‌లతో ఇది నిత్యం ఎదురయ్యేదే. అటు వెయ్యి, ఇటు వెయ్యి, ఎత్తు వెయ్యి చుక్కలున్న ఘనం అంటే వంద కోట్ల చుక్కలు, ఒక్కోదానికి రెండు బైట్లు వేసుకున్నా రెండు గిగాబైట్లు. దాన్ని సగానికి కుదించి హెడ్‌సెట్‌లోకి పంపుతాను. సగం అంటే ప్రతి వైపూ సగం, మొత్తం ఎనిమిదో వంతు. మీరు కూడా ముందు ప్రొటీన్ గొలుసును పట్టీలా చూపే రిబ్బన్ రూపంలో చూసి, కావలసిన చోట మాత్రమే ఉపరితలాన్ని తెరవండి.

కళ్ల లాగుడు వేరే సంగతి. హెడ్‌సెట్ కటకాలు బొమ్మను ఒకే దూరంలో, సాధారణంగా మీటరు పైన, స్పష్టంగా నిలుపుతాయి. మీరు అణువును ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, కాని కంటి కటకం దూరానికే సర్దుకుని ఉండాలి. పుట్టినప్పటినుంచి జంటగా చేసిన రెండు పనులను విడదీస్తున్నారన్నమాట. అందుకే నిలిపి చూడాల్సినవి చేతికి కాస్త అవతలే ఉంచండి. కంటిపాపల మధ్య దూరం కూడా సరిచూసుకోండి. పెద్దవాళ్లలో సగటు 63 మిల్లీమీటర్లు, మనిషికీ మనిషికీ ఒక సెంటీమీటరు తేడా మామూలే. ప్రయోగశాలలో ఒకే హెడ్‌సెట్‌ను పదిమంది వాడుతుంటే, మీకు ముందు పెట్టుకున్నవారి కళ్లతో మీరు చూస్తున్నారేమో.

1968లో ఐవాన్ సదర్లండ్ చేసిన తొలి హెడ్‌సెట్‌కు తల కదలికను పట్టే బరువైన యంత్రం పైకప్పునుంచి వేలాడేది. అప్పటినుంచి చాలా దూరం వచ్చాం. మెడ మాత్రం అదే మెడ. ఇరవై నిమిషాలకొకసారి తీయండి.

ప్రశ్న: ముప్ఫై మంది విద్యార్థులకు మెదడు స్కాన్‌ను త్రీడీలో చూపించి పాఠం చెప్పాలి. తలో హెడ్‌సెట్ ఇవ్వాలా, పెద్ద త్రీడీ తెర పెట్టాలా? – శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడు

జవాబు: మాస్టారూ, ఉన్న ప్రొజెక్టరే చాలు. చేతిలోది మార్చండి.

పెద్ద త్రీడీ తెరల్లో అందరికంటే పేరున్నది కేవ్. 1992లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఒక గది, దాని గోడలే తెరలు, మధ్యలో కళ్లజోళ్లతో మనుషులు. అద్భుతమే. నేనొకసారి అలాంటి గదిలో నిలబడ్డాను. కాని ఆ గది ఒకేఒక్కరి తలను గమనించి, ఆ ఒక్కరి కళ్లకు సరిపడేలా బొమ్మ గీస్తుంది. మిగతావాళ్లకు గోడల మూలల్లో గీతలు విరిగి కనిపిస్తాయి, ఆ ఒక్కరు తల తిప్పితే అందరి లోకమూ ఊగుతుంది. ఇక్కడ చూడండి అని మీరు చూపించిన వేలు ఒక్కొక్కరికి ఒక్కో చోట పడుతుంది. పాఠానికి పనికిరాదు. తలో హెడ్‌సెట్ ఇస్తే మీ ముఖం వాళ్లకు కనిపించదు, వాళ్ల ముఖాలు మీకు కనిపించవు. అర్థమైందో లేదో ముఖం చూసే కదా తెలుసుకుంటారు.

1994లో కెన్ హింక్లీ బృందం మెదడు శస్త్రచికిత్స వైద్యుల కోసం చేసిన ఏర్పాటు నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. వైద్యుడి ఎడమ చేతిలో ఒక బొమ్మ తలకాయ, కుడి చేతిలో ఒక ప్లాస్టిక్ పలక. రెండింటిలోనూ స్థానం తెలిపే సెన్సర్లు. తలకాయను తిప్పితే తెర మీద రోగి మెదడు తిరుగుతుంది. పలకను తలకాయకు ఆనించిన చోట తెర మీద మెదడు కోత తెరుచుకుంటుంది. వాళ్లకు సాఫ్ట్‌వేర్ నేర్పనక్కర్లేకపోయింది. ముక్కు ఎటుందో, చెవి ఎటుందో వేళ్లకే తెలుస్తుంది, చూపు తెర మీదనుంచి తిప్పనక్కర్లేదు. అదే హింక్లీ 1997లో చేతితో తిప్పే బంతిని మౌస్ పద్ధతులతో పోల్చినప్పుడు, కచ్చితత్వం తగ్గకుండా 36 శాతం దాకా సమయం కలిసి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2017లో, మౌస్‌నూ స్పర్శ తెరనూ చేతిలో పట్టుకునే వస్తువునూ పోల్చిన ఇంకో బృందానికి కచ్చితత్వం మూడింటిలోనూ సమానంగా వచ్చింది, సమయంలోనే తేడా, చేతి వస్తువే ముందు.

మీకు సెన్సర్ల తలకాయ దొరకకపోయినా ఒక పని చేయండి. మెదడు స్కాన్‌ను త్రీడీ ప్రింటర్‌తో రెండు ముక్కలుగా అచ్చు వేయించి తరగతిలో చేతులు మార్చండి. ప్రొజెక్టర్ మీద అదే స్కాన్‌ను నెమ్మదిగా తిప్పుతూ పాఠం చెప్పండి. టాబ్లెట్‌ను ఒక విద్యార్థి చేతికిచ్చి కోత ఎక్కడ పెట్టాలో అతన్నే ఎంచుకోమనండి. నా బల్ల మీద నిలిచిన మూడో వస్తువు అచ్చంగా ఇదే, ఏ తీగా లేని ఒక ప్లాస్టిక్ పోత ముక్క. ఫోనులో ఎవరైనా పగులు ఎటువైపు అని అడిగితే ముందు దాన్నే చేతిలోకి తీసుకుంటాను.

ప్రశ్న: చిన్నప్పుడు జబ్బు చేసి నాకు ఒక కంటి చూపు పోయింది. స్కాన్ డేటా విశ్లేషణ ఉద్యోగానికి వెళ్లాలని ఉంది. త్రీడీ చూడలేని మనిషికి ఆ పని తగదని ఒకరన్నారు. నిజమేనా? – ఇరవై మూడేళ్ల పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ మాటన్న మనిషికి స్టీరియో గురించి తెలుసు, చూడటం గురించి తెలియదు.

ఈ పేజీలో మొదటి జవాబు మీ కోసమే రాసినట్టు మళ్లీ చదవండి. తల కదలిక ఒక్కటే 2.2 రెట్లు ఇచ్చింది. దానికి రెండో కన్ను అవసరం లేదు. 1953లో హాన్స్ వాలక్, ఓ'కొనెల్ వంచిన తీగల నీడను తెర మీద పడేలా చేశారు. తీగ కదలనంతసేపూ చూసినవాళ్లకు చదును గీతలు. తీగను తిప్పగానే నీడకు లోతు వచ్చింది. నీడ అంటే ఒక్క కంటికి అందే బొమ్మే కదా.

రెండు కళ్లూ బాగున్నా స్టీరియో లోతు పట్టని మనుషులు కూడా ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మా విభాగంలో నాకంటే ముందు పదేళ్లు పనిచేసిన ఒకాయనకు చిన్నప్పటినుంచి ఒక కన్నే. నేను రెండు కోణాలు చూసి సంతకం పెట్టిన ఒక ముక్కలో ఆయన వెంట్రుకంత పగులు పట్టుకున్నారు. ఎలా కనిపించిందని అడిగితే, నువ్వు ఆగి చూశావు, నేను ఊపి చూశాను అన్నారు. ఆయన చెయ్యి మౌస్ మీద ఎప్పుడూ నిలిచేది కాదు, బొమ్మను నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ ఊయలలా ఊపుతూనే ఉండేవారు. ఆ అలవాటు నేను ఆయన దగ్గరే దొంగిలించాను.

మీకు కావలసింది హెడ్‌సెట్ కాదు. చురుగ్గా కదిలే బొమ్మను ఆగకుండా చూపించే గ్రాఫిక్స్ కార్డు, పెద్ద తెర, మంచి మౌస్. వెలుతురు పడి నీడలు ఏర్పడే ఏర్పాటును ఆన్ చేసుకోండి, లోతు పెరిగేకొద్దీ రంగు మసకబారే సదుపాయముంటే అదీ వాడండి. ఇంటర్వ్యూలో ఎరుపు నీలం కళ్లజోడో, స్టీరియో తెరో ముందు పెడితే మొహమాటపడకండి. స్టీరియో ఆపేసి మౌస్ ఇవ్వమని అడగండి. మా దగ్గర ఆ ఎరుపు నీలం కళ్లజోళ్లు డజను ఉన్నాయి, అన్నీ సొరుగులోనే.